పై పోర్షన్ సారు బందరు ప్రయాణం

మా పై పోర్షన్ సారు నెల కింద ఒక మంగళవారం పొద్దున చనిపోయారు. ఛాతీలో నెమ్ము చేరి తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. వాళ్ళావిడ ఫోన్ చేసేటప్పటికి నేను కొట్టు షటర్ ఎత్తుతున్నాను. "అన్నయ్యగారూ, అయిపోయిందండి" అన్నారు మేడం. షటర్ సగంలోనే వదిలేసి వెళ్ళాను. ఆ రోజంతా పనుల్లో గడిచింది. మర్నాడు ఏడింటికి మా సందులో చప్పుడు లేకపోయేసరికి, ఆయన లేరన్న సంగతి అప్పుడు తెలిసింది.

రోజూ ఏడింటికి ఆయన బాల్కనీలో నిలబడి పేపరు పైకి చదివేవారు. జబ్బు వల్ల గొంతు సన్నబడుతుంది, గట్టిగా చదవమని డాక్టరు చెప్పారట. రాజకీయాలు, టమాటా ధర, పెళ్ళి సంబంధాల ప్రకటనలు ఏదీ వదిలేవారు కాదు. "మనకు పేపరు కొనే పని లేదు" అని మా ఆవిడ నవ్వేది. వరుడు కావలెను అని ఆయన చదివితే ఎదురింటాయన కిందినుంచి "జీతమెంతనో అది గూడ చదువు సారూ!" అని అరిచేవాడు.

ఆయన జబ్బు పార్కిన్సన్స్. చేతులు వణుకుతాయని అందరికీ తెలుసు. ఆయన మా ఇంటికి వచ్చేదాకా నాకు తెలియనిది ఇంకొకటి ఉంది. నడుస్తూ నడుస్తూ పాదాలు నేలకు అతుక్కుపోతాయి. గుమ్మం ముందో, లిఫ్టు ముందో మనిషి నిలబడిపోతాడు. వెళ్ళాలని ఉంటుంది, కాలు లేవదు. సారుది బందరు. ఇక్కడ ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ పరీక్షించే పని చేసేవారు. ఒక అక్షరం నొక్కితే నాలుగు పడుతుంటే తానే మానేసి, కిరాయి తక్కువని నానక్‌రామ్‌గూడ పాత ఊళ్ళోకి, మా ఇంటికి వచ్చారు. నాకు కిందనే సైకిళ్ళ కొట్టు ఉంది. మామూలు సైకిళ్ళకు మోటారు, బ్యాటరీ బిగిస్తాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. విప్పి, పాడుచేసి, మళ్ళీ బిగించి నేర్చుకున్నాను.

మా గేటు దగ్గర ఆయన ఆగిపోవడం చాలాసార్లు చూశాను. చేయి పట్టి లాగితే ముందుకు పడిపోయేవారు. ఏం చేయాలో తెలిసేది కాదు. అసలు సంగతి మా ఆవిడ పట్టుకుంది.

"పొద్దుగాల సారు మంచిగనే దాటుతుండు. మధ్యాహ్నం అయితెనే ఆగుతుండు. నువ్వు చూసినవా?"

పొద్దున గేటు ముందు ఆమె వేసిన ముగ్గు ఉంటుంది. మధ్యాహ్నానికి స్కూటర్ల కింద చెరిగిపోతుంది. ముగ్గు ఉన్నంతసేపూ ఆయన కాలెత్తి, గీత తొక్కకుండా అవతల వేస్తున్నారు. ఈ మాట చెబితే ఆయన చాలాసేపు నవ్వారు.

"చిన్నప్పుడు ముగ్గు తొక్కితే మా అమ్మ వీపు విమానం మోత మోగించేదండి. నా మాట వినని కాళ్ళు ఆవిడ మాట ఇంకా వింటున్నాయన్నమాట!"

అడ్డంగా గీతలు కనిపిస్తే ఈ జబ్బువాళ్ళలో కొందరికి అడుగు పడుతుందని తరవాత డాక్టరు కూడా చెప్పారు. గేటునుంచి మెట్లదాకా మూరకొకటి చొప్పున నేను తెల్లరంగుతో గీతలు గీశాను. అప్పటినుంచి ఇంట్లో ఆయన ఆగలేదు.

ఒక మధ్యాహ్నం ఆయన కొట్టులోకి వచ్చి, నేను అప్పుడే బిగించిన సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నారు.

"ఒకసారి ఎక్కనా ఓనరుగారూ?" నన్ను ఎప్పుడూ అలాగే పిలిచేవారు.

"వద్దు సారూ. మీరు పడితె నేను పరేషానయిత."

"పడేది నేనైతే పరేషాన్ మీకెందుకండీ?"

అది ఆడవాళ్ళ సైకిల్, నడుమ కడ్డీ కిందికి ఉంటుంది. ఎక్కి కూర్చున్నారు. సందు చివరిదాకా పోయి, మలుపు తిరిగి కనిపించకుండా పోయారు. నేను పరుగెత్తాను. అవతలి సందులోనుంచి ఎదురొచ్చి నా పక్కనుంచే వెళ్ళిపోయారు. నాలుగడుగులకోసారి ఆగే మనిషి! నడక పోయినా తొక్కడం పోని వాళ్ళు ఉంటారట. ఆ రోజునుంచి ఆఫీసు బస్సులు రోడ్డెక్కకముందే టవర్ల మధ్య ఆయన సైకిల్ తిరిగేది.

పోయిన చలికాలం ముందు ఒక మాట ప్రకటించారు. బందరు దాకా బ్యాటరీ సైకిల్ మీద ఒక్కడినే వెళ్తాను, కిలోమీటరుకు ఇంతని ఎవరికి తోచింది వాళ్ళు ఇవ్వండి, అదంతా ఈ జబ్బు మీద పరిశోధన చేసేవాళ్ళకు పోతుంది అని. పాత ఆఫీసువాళ్ళు, చుట్టాలు, మా సందువాళ్ళు ఒప్పుకున్నారు. వెనక కారు ఉండదు, తోడు మనిషి ఉండడు. ఈ షరతు ఎవరూ పెట్టలేదు, ఆయనే పెట్టుకున్నారు.

"గింత జిద్దెందుకు సారూ?" అన్నాను.

"ఈ జబ్బు వచ్చాక నేను ఏది చేసినా ఎవరో ఒకరు పట్టుకునే ఉన్నారండి. చొక్కా గుండీకి ఒకరు, కాఫీ గ్లాసుకి ఒకరు. ఒక్కటంటే ఒక్కటి నా అంతట నేను చేసి చూపిస్తానని చెప్పి అడిగాను. మరి చెయ్యాలి కదా?"

బయలుదేరే ముందు రోజు మేడం కొట్టుకు వచ్చారు. "మీకు దణ్ణం పెడతాను అన్నయ్యగారూ. ఆయనకి తెలియకుండా వెనకాల వెళ్ళండి. రోడ్డు మధ్యలో కాళ్ళు అతుక్కుపోతే ఎవరున్నారండీ?"

కాదనలేకపోయాను. నిజం చెప్పాలంటే కాదనాలని నాకూ లేదు.

స్కూటర్ మీద మూడు రోజులు వెళ్ళాను. బ్యాటరీ చార్జింగ్‌కు ఎక్కడెక్కడ ఆగాలో నేనే రాసిచ్చాను కాబట్టి, ముందే ఆ హోటళ్ళకు చేరుకునేవాణ్ణి. సైకిల్ ఆపే చోటునుంచి కుర్చీదాకా సుద్దముక్కతో గీతలు గీసి, దూరంగా దాక్కునేవాణ్ణి. ఆయన దిగి, గీతలు దాటి, హాయిగా కూర్చునేవారు. చాలా తెలివైన పని చేస్తున్నాననుకున్నాను.

సూర్యాపేటలో నేను ఒక లారీ చాటున ఉన్నాను. ఆయన కూర్చుని, టీ చెప్పి, జేబులోంచి ఫోన్ తీశారు. లారీ చాటున నా ఫోన్ మోగింది.

"రండి ఓనరుగారూ. మీకూ టీ చెప్పాను, చల్లారిపోతుంది."

వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. "ఎట్ల తెలిసింది సారూ?"

"చౌటుప్పల్‌లో గీతలు, నార్కట్‌పల్లిలో గీతలు, ఇక్కడా గీతలు. అన్నీ మూరకొకటి. అన్నీ ఎడమ చివర కొంచెం కిందికి వంగి. రోజూ మీ గీతలే దాటేవాణ్ణి, నేను గుర్తుపట్టలేనా?"

"మేడం ఫికర్ చేసింది."

"తెలుసు." గ్లాసు వణుకుతుంటే రెండు చేతులతో పట్టుకున్నారు. "అడిగితే చేసేది సాయమండి. అడక్కుండా వెనకాల తిరిగేది కాపలా."

"నేను ఇట్లనే వాపస్ పోత. మీరు ముందుకు పోండి. ఎవ్వరికి తెల్వది."

"ఒక్కడినే వెళ్తానంటే ఇస్తామన్నారండి వాళ్ళు. ఇక్కడిదాకా ఇద్దరం వచ్చాం."

అక్కడే కూర్చుని అందరికీ ఫోనులో రాశారు. మూడు రోజుల ప్రయాణం లెక్కలోకి రాదని, సోమవారం మళ్ళీ ఇంటి గేటునుంచి మొదలని. ఎందుకో రాయలేదు. నా పేరు, మేడం పేరు ఎక్కడా తేలేదు. సైకిల్‌ను ట్రాలీ ఆటో ఎక్కించి హైదరాబాద్ తిరిగొచ్చారు. ఆ జబ్బులో మంచి రోజులు తక్కువ. అందులో మూడు నేను వృథా చేశాను. ఆయన కోప్పడి ఉంటే కొంత తేలికపడేవాణ్ణి.

సోమవారం వెళ్ళారు. ఈసారి నేను కొట్టులోనే ఉన్నాను. మేడం మెట్ల మీద కూర్చుని, కాసేపటికి లేచి, మళ్ళీ కూర్చునేవారు. సాయంత్రం ఒక్కసారి ఫోన్ వచ్చేది. ఎనిమిదో రోజు వచ్చిన ఫోనులో వెనకాల సముద్రం హోరు వినిపించింది. మేడం ఫోన్ నా చేతిలో పెట్టారు. "ఓనరుగారూ, ఇక్కడ గాలి మీకు కూడా వినిపిస్తోందా?" అన్నారు సారు. వినిపిస్తోందన్నాను.

దారిలో ఏం జరిగిందో తిరిగొచ్చాక చెప్పారు. గీతలు ఎవరూ ముందే గీసి పెట్టలేదు కాబట్టి, దిగిన ప్రతిచోటా అడగవలసి వచ్చింది. వంగి గీసుకోబోతే పడిపోతారు. "అయ్యా, నా కాళ్ళ ముందు అడ్డంగా నాలుగు గీతలు గీస్తారా?" అని అడిగేవారట. ఒక లారీ డ్రైవరు తువ్వాలు, జాకీ రాడ్డు, రెంచి, చెప్పు వరసగా పరిచాడట. ఒక హోటలాయన మంత్రమేమోనని భయపడి మంచినీళ్ళ సీసా చేతిలో పెట్టి పంపేశాడట. అక్కడినుంచి ఇంకో మనిషి కనిపించేదాకా గంటసేపు ఎండలో నిలబడ్డారు. అది కూడా నవ్వుతూనే చెప్పారు.

మునగాల దాటాక టీ కొట్టు నడిపే ఒక ఆమె బకెట్లోంచి చెంబుతో నీళ్ళు తీసి, ధార కట్టి గీతలు పోసింది. "జర జల్ది దాటు సారూ, ఎండకు ఆరిపోతయ్!" అంది. ఆయన దాటాక ఆమె చెంబు కింద పెట్టి అలాగే చూస్తూ ఉండిపోయింది.

"మా ఆయనకు గూడ గిట్లనే అయితది. రెండేండ్ల సంది. తాగి నిలవడ్డడని అందరు అంటరు. నేను గూడ తిట్టిన సారూ. మస్తు తిట్టిన."

సారు ఆ రోజు ముందుకు కదల్లేదు. ఇంటింటికీ పాలు పోసి బతికిన ఆమె భర్త కొట్టు వెనక మంచం మీద ఉన్నాడు. ఇద్దరూ సాయంత్రందాకా మాట్లాడుకున్నారు. ఏ డాక్టరుకు చూపించాలో ఆమెకు చెప్పారు. వాళ్ళు హైదరాబాద్ వచ్చినప్పుడు సారు వెంటబెట్టుకుని తీసుకెళ్ళారు. జబ్బు అదేనని తేలి, మందులు మొదలయ్యాయి. నేను ముందే పోయి ఆ కొట్టు ముందు సుద్దగీతలు గీసి ఉంటే, సారు హాయిగా టీ తాగి వెళ్ళిపోయేవారు. ఇది నాకు చాలాసార్లు గుర్తొస్తుంది.

వచ్చిన డబ్బు పరిశోధన చేసేవాళ్ళకు చేరింది. పూర్తిగా నయం చేసే మందుకు ఇంకా ఏళ్ళు పడుతుందని వాళ్ళు దాచకుండా చెప్పారు. "పట్టనివ్వండి. కాళ్ళు అతుక్కునేవాళ్ళు నా తరవాత కూడా ఉంటారు కదా" అన్నారు సారు.

ఆస్పత్రికి వెళ్ళడానికి వారం ముందు ఆయన నాకు చెప్పిన చివరి పని, మునగాల ఆయనకు బ్యాటరీ సైకిల్ తయారు చేయడం. నిన్న దాన్ని వ్యానులో వేసి పంపి, వెనకే స్కూటర్ మీద వెళ్ళాను. మేడం కూడా వస్తానన్నారు, నా వెనక కూర్చుని వచ్చారు. మునగాల ఆయన ఆ సైకిల్ చుట్టూ తిరిగి చూసి, "క్యాన్ తగిలిచ్చే కొక్కెమేది?" అన్నాడు.

"పాలు పోసేది ఎక్కడుంది ఇగ!" అంది ఆమె.

"ఉత్త క్యానే పెడ్త. నీకేమైతది?"

కొక్కెం బిగించాను. ఖాళీ క్యాన్ తగిలించుకుని ఎక్కాడు. మొదట రెండుసార్లు అటూ ఇటూ ఊగి, సర్వీసు రోడ్డు మీద నిలదొక్కుకున్నాడు. "మెల్లగ! ఓ మెల్లగ!" అని అరుస్తూ ఆమె వెంట పరుగెత్తింది. మేడం వెళ్ళి ఆమె చేయి పట్టుకుని ఆపారు. నా చేయి స్కూటర్ తాళం మీదికి వెళ్ళింది, వెనక్కి తీసుకున్నాను. ముగ్గురం అక్కడే నిలబడ్డాం. రోడ్డు మీద ఎదురుగా ఎవరూ లేకపోయినా అతను బెల్లు కొడుతూనే ఉన్నాడు. క్యాన్ కడ్డీకి తగిలి గలగలమంటోంది. మలుపు తిరిగాడు. మనిషి కనిపించకుండా పోయాక కూడా ఆ చప్పుడు కొంతసేపు వినిపించింది.