నాడె కన్ను

అన్న క్షయ రోగుల శానిటోరియం నుంచి తిరిగి వచ్చిన రోజు మా సందులో ఒక్క మగ్గం కూడా ఆగలేదు. మామూలుగా ఎవరింటికి ఎవరొచ్చినా, జట్కా గంట వినిపించగానే మగ్గాలు ఒకటొకటే ఆగేవి. గడపల్లోంచి తలలు బయటికి వచ్చేవి. ఆ రోజు అన్న ట్రంకు పెట్టె పట్టుకుని ముందు నడిచాడు. పరుపుచుట్ట మోసుకుంటూ నేను వెనక నడిచాను. రెండు వైపులా మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. ప్రతి ఇంట్లోనూ మనుషులు తల వంచుకుని పని చేసుకుంటున్నారు. అంత శ్రద్ధగా పని చేయడం ఆ సందులో అంతకుముందు నేను చూడలేదు.

అవి యుద్ధం రోజులు. మాకు దొరికేది రేషను బియ్యం, పురుగు పట్టిన రాగులు. అన్నకు అక్కడ పాలు, గుడ్లు పెట్టి, ఏడాదికి పైగా మంచం మీదే ఉంచారు. బుగ్గలకు రంగు వచ్చింది, మెడ నిండింది. అమ్మ, వదిన, నేను, అన్న వరసగా నిలబడితే రోగి ఎవరో కొత్తవాళ్ళు చెప్పలేరు.

అమ్మ గడప దగ్గర హారతి పళ్ళెంతో నిలబడింది. హారతి ఇచ్చింది గాని, చేయి చాచినంత దూరం నుంచి ఇచ్చింది. లోపల అన్నీ సిద్ధం చేసి ఉంచింది. అన్నకు వేరే కంచం, వేరే లోటా, వేరే చాప. లోటా మిగతావాటితో కలవకుండా అడుగున తారు చుక్క పెట్టింది. ఉమ్మడానికి సున్నం వేసిన డబ్బా పెట్టింది.

అన్న అన్నీ ఒకసారి చూశాడు.

"ఏమ్మా, నన్ను వేరే కాపురం పెట్టినట్టుండాదే" అన్నాడు.

"మాట్లాడొద్దు, సుమ్నే కూర్చో" అంది అమ్మ. నవ్వలేదు.

అన్న కంచం మీద మరిగే నీళ్ళు పోయడం, బూడిదతో తోమడం, ఎండలో బోర్లించడం అమ్మే చేసేది. వదినను ముట్టనిచ్చేది కాదు. "నువ్వు పిల్లల్ని కనాల్సినదానివి" అనేది. ఎంగిలి విషయంలో మా అమ్మ మామూలు రోజుల్లోనే గట్టి మనిషి. ఇప్పుడు డాక్టరు మాట కూడా తోడయింది.

డాక్టరు దగ్గరికి అన్న వెంట నేనే వెళ్ళాను. ఏం పని చేస్తావని ఆయన అడిగాడు. నేత అని అన్న చెప్పాడు. కూర్చుని చేసే పనే కదా అని డాక్టరు తల ఊపాడు. బరువులు ఎత్తొద్దు, ఒక పూటకు మించి చేయొద్దు, మధ్యాహ్నం పడుకో, గిన్నెలు వేరుగా ఉంచుకో అన్నాడు. అన్నిటికీ సరేనన్నాం. మగ్గం ముందు కూర్చున్నవాడి నోటికి కూడా పని ఉంటుందని ఆయనకు తెలిసే దారి లేదు. మాకు తెలుసు. కానీ అది ఒకరికి చెప్పాల్సిన సంగతి అని మాకు తట్టలేదు.

మా మగ్గం ముందు గదిలో ఉండేది. గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, తాడు లాగితే నాడె అటూ ఇటూ పరిగెత్తేది. నాడె అంటే నేతలో అడ్డంగా పోయే దారాన్ని మోసే చిన్న కొయ్య పడవ. దాని కడుపులో దారం చుట్టిన కండె ఉంటుంది, పక్కన చిన్న గాజు కన్ను ఉంటుంది. కండె అయిపోయినప్పుడల్లా కొత్తది పెట్టి, దారం కొసను ఆ కన్నులోంచి బయటికి తేవాలి. దానికి మా పేటలో అందరూ చేసేది ఒక్కటే. కన్ను మీద పెదవులు ఆనించి ఒక్క గుక్క పీల్చితే, దారం కొస నాలుక మీదికి వచ్చేస్తుంది. మా నాన్న అట్లాగే చేసేవాడు, ఆయన తండ్రీ అట్లాగే చేసేవాడు. ఒక పూటలో ఎన్నిసార్లు చేస్తారో ఎవరూ లెక్కపెట్టరు.

అన్న మంచం పట్టాక మగ్గం పని వదిన అందుకుంది. అంతవరకు ఆమె పని వెనక గదిలో రాట్నం మీద కండెలు చుట్టడం. మొగుడు కాళ్ళు పెట్టే గుంటలో కాళ్ళు పెట్టిందని సందులో ఆడవాళ్ళు కొన్నాళ్ళు చెప్పుకున్నారు. పట్టు ఇచ్చే సావుకారి ఆమె నేసిన మొదటి చీరను వెలుతురుకు పట్టి చూసి, ఏమీ అనకుండా రెండో చీరకు పట్టు ఇచ్చాడు. తర్వాత సందు కూడా ఊరుకుంది.

అన్న వచ్చాక పొద్దున పూట అన్న, మధ్యాహ్నం నుంచి వదిన నేసేటట్టు కుదిరింది. అన్న గుంటలోకి దిగిన మొదటి ఉదయం మేం ముగ్గురం ఏవో పనులున్నట్టు ఆ గదిలోనే తిరిగాం. అన్న పడుగు పోగులను వేళ్ళతో ఈ అంచు నుంచి ఆ అంచుకు నిమిరాడు.

"నా నాడె ఉండాదా?" అని అడిగాడు.

వదిన తన ఒడిలోంచి తీసి ఇచ్చింది. అరచేతిలో తిప్పి చూసుకున్నాడు. పోగును బిగించే మొదటి దెబ్బ పడింది. అన్న దెబ్బ బరువైనది, సందు మొదటి నుంచే గుర్తు పట్టొచ్చు. వదినది తేలిక.

అప్పటినుంచి మా ఇల్లు చెవులతో బతికింది. మగ్గం ఆడుతున్నంత సేపు అన్న బాగున్నట్టు. దగ్గు వస్తే నేతగాడు తాడు వదిలేయక తప్పదు. అందుకని మగ్గం ఆగితే చాలు, అమ్మ వంటింట్లో చేతిలో గరిట అట్లాగే పట్టుకుని నిలబడేది. నేను చదువుతున్న వాక్యం దగ్గరే ఆగిపోయేవాణ్ణి. కాసేపటికి మళ్ళీ దెబ్బ పడేది. కండె మార్చుకున్నాడు, అంతే. అమ్మ గరిట కదిలేది. ఆ నిశ్శబ్దంలో అన్న ఏం చేస్తున్నాడో మా ముగ్గురికీ తెలుసు. దగ్గలేదన్న ఒక్క సంగతే మాకు కావలసింది.

ఒకసారి సావుకారి వచ్చి మగ్గం మీది చీరను వేలితో రాశాడు.

"రెండు చేతులు కనిపిస్తాండాయప్పా దీంట్లో. ఇక్కడ మొగోడు, ఇక్కడ ఆడమనిషి. పెండ్లి చీరకు ఇట్లా చారలు ఒప్పుకోరు. ఎవరో ఒకరు కూర్చోండి."

"సొల్పం దినాలు ఆగండి. మొత్తం నేనే కూర్చుంటా" అన్నాడు అన్న. ఆ మాట అంటున్నప్పుడు వదిన ముఖం వైపు చూశాడు. ఆమె చాలా సంతోషంగా కనిపించింది.

నేను దండులో, అంటే కంటోన్మెంటులో, ఒక దినపత్రికలో పని చేసేవాణ్ణి. వచ్చిన వార్తలు సరిదిద్దడం, ఒకచోట చెప్పినదానికీ ఇంకోచోట చెప్పినదానికీ పొత్తు కుదరకపోతే గీత గీయడం నా ఉద్యోగం. ఒక సెలవు రోజు ముందు గదిలో కూర్చుని ఉన్నాను. మధ్యాహ్నమైంది. అన్న చివరి కండె పెట్టి, కన్ను మీద నోరు ఆనించి దారం లాగాడు. నాలుగు దెబ్బలు కొట్టి, నాడెను చీర మీద పెట్టి గుంటలోంచి లేచాడు. వదిన కూర్చుంది. దారం ఎక్కడో తెగింది. ఆమె అదే నాడె తీసుకుని, అదే కన్ను మీద నోరు ఆనించింది. సరిగ్గా అప్పుడే పెరట్లో అన్న లోటా మీద అమ్మ మరిగే నీళ్ళు పోస్తున్న చప్పుడు వినిపించింది.

నేను లేచి నిలబడ్డాను.

"వదినా, దాన్ని నోట్లో పెట్టుకోవద్దు."

"ఏమప్పా?"

"నాడె. అన్న పెట్టుకున్నదే నువ్వూ పెట్టుకుంటున్నావు."

అమ్మ పెరట్లోంచి వచ్చింది. చేతిలో పొగలు కక్కుతున్న లోటా.

"నాడెకు ఎంగిలేందిరా? అమాసకు అమాసకు దేవుని ముందర పెట్టి పసుపు రాసేది కదా" అంది. అంటూనే ఆమె గొంతు తగ్గిపోయింది. ఆమె చూపు లోటా మీద నుంచి నాడె మీదికి, నాడె మీద నుంచి వదిన పెదవుల మీదికి వెళ్ళింది. గోడకు ఆనుకుని కూర్చుంది.

అన్న మాత్రం ఒకటే అడిగాడు. "నేను వచ్చిన కాడినుంచీనా?"

"వదిలెయ్యి. మీ తమ్మునికి పేపరోళ్ళ బుద్ధి, అన్నీ తప్పులే కనిపిస్తాయి" అంది వదిన.

మర్నాడే రెండో నాడె కొన్నాం. వదిన నాడెకు ఎర్ర దారం కట్టాం. అన్న తన పాత నాడెను మరిగే నీళ్ళలో వేయబోతే కొయ్య పగులుతుందని అమ్మ ఆపింది, ఎండలో పెట్టింది. ప్రెస్సులో పుస్తకాలు కుట్టే సన్న తీగ తెచ్చి నేను కొక్కెం వంచి ఇచ్చాను. దాంతో దారం లాగడం అన్నకు మొదట్లో చేత కాలేదు. పట్టు పోగులు రేగిపోయేవి. "ముద్దు పెట్టేది మాని మూతి గీరినట్టుండాది" అని విసుక్కునేవాడు. కానీ మళ్ళీ నోరు ఆనించలేదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం వదిన మొక్కలకు నీళ్ళు పోస్తుంటే నేను దగ్గరికి వెళ్ళాను.

"నీకు ఎప్పుడూ తట్టలేదా వదినా?"

ఆమె చెంబు కింద పెట్టింది. "తట్టకుండా ఉంటుందా అప్పా? మొదటి దినమే తట్టింది. నా నాడె ఉండాదా అని అడిగినాడు చూడు, అప్పుడే. కంచం వేరే, చాప వేరే, మీయమ్మ హారతి కూడా దూరం నుంచే. ఆ నాడె కూడా వేరే అని ఎట్లా చెప్పేది? ఇంట్లో ఆయనా మేమూ కలిసి ముట్టుకునే వస్తువు అదొక్కటే ఉండె."

"చెప్పాల్సింది."

"మీ అన్న మళ్ళీ మనిషైనాడు కదా, సాలు" అంది. చెంబు అందుకుని నీళ్ళు పోసింది. ఎండ తగ్గి చాలాసేపయింది గాని ఆమె బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. పని చేసి వచ్చింది కదా అనుకున్నాను.

వానలు వెళ్ళి చలి మొదలయ్యాక అన్నను మళ్ళీ డాక్టరుకు చూపించాం. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నాడు. రోజంతా పని చేసుకోవచ్చన్నాడు. తిరుగు దారిలో అన్న జట్కా వద్దని మార్కెట్టు మీదుగా ఇంటిదాకా నడిచాడు. నేనే వెనకబడ్డాను. సందులోకి రాగానే రెండు మూడు మగ్గాలు ఆగాయి. ఒక ముసలాయన బయటికి వచ్చి, "ఏమప్పా, పైల్వాన్ అయిపోయినావే!" అన్నాడు. అమ్మ ఆ రోజు తారు చుక్క లోటాను మిగతావాటితో కలిపి తోమింది.

సావుకారి కొత్త పెండ్లి చీరకు పట్టు పంపాడు. అన్న రోజంతా గుంటలో కూర్చున్నాడు. వదిన తన పాత చోటికి, వెనక గదిలో రాట్నం దగ్గరికి వెళ్ళింది. ఈ మధ్య అన్నం సరిగా తినడం లేదని అమ్మ అంది. నెల తప్పిందేమోనని ఆశపడింది కూడా.

కొన్నాళ్ళకు, ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తున్నాను. సందు మొదట్లోనే అన్న దెబ్బ వినిపించింది. బరువుగా, ఒక్క తీరుగా పడుతోంది. ఎన్నాళ్ళ తర్వాతో ఆ చప్పుడు వింటూ తీరిగ్గా నడవగలిగాను. గడప దగ్గర చెప్పులు విప్పుతుంటే లోపలి నుంచి దగ్గు వినిపించింది. పొడి దగ్గు. ఆపుకోబోతే ఆగక ఇంకోసారి వచ్చింది. ఆ దగ్గు నాకు తెలుసు. రెండేళ్ళ కిందట రాత్రుళ్ళు ఈ ఇంట్లోనే విన్నాను.

రెండో చెప్పు విప్పకుండా ఆగాను. అలవాటు కొద్దీ మగ్గం వైపు చెవి పెట్టాను.

మగ్గం ఆగలేదు. దెబ్బ మీద దెబ్బ పడుతూనే ఉంది. దగ్గు వెనక గదిలోంచి వస్తోంది.

మూడోసారి దగ్గినప్పుడు రాట్నం ఆగిపోయింది. ఆ తర్వాత మగ్గం ఆగింది.