మూడో గదిలో గాజు పట్టీలు

1987 జూన్‌లో నన్ను సూర్యాపేట నుంచి కోదాడ సబ్ డివిజన్‌కు డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా బదిలీ చేశారు. అది మామూలు బదిలీయేనని ఆఫీసులో అందరూ అన్నారు. సూర్యాపేటలో ఒక హాస్టల్ కోసం వచ్చిన నాసిరకం ఇటుకను నేను రెండు లారీలు వెనక్కి పంపిన పదకొండో రోజున ఆ ఉత్తర్వు వచ్చింది. ఆ రోజులు నేను లెక్కపెట్టుకున్నాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మా శాఖ బళ్ళు, ఆసుపత్రులు, హాస్టళ్ళు కట్టించి ఆయా శాఖలకు అప్పగించేది. నా పైన మిర్యాలగూడలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, ఆయన పైన జిల్లా కేంద్రంలో సూపరింటెండింగ్ ఇంజనీరు ఉండేవారు. మేము వారిని ఈఈ, ఎస్ఈ అనేవాళ్ళం. పని కాంట్రాక్టరు చేస్తాడు, చేసిన పనిని అసిస్టెంట్ ఇంజనీరు కొలతల పుస్తకంలో ఎక్కిస్తాడు. అయితే పునాది గొయ్యిలో కాంక్రీటు పడే ముందు మాత్రం డిప్యూటీ ఇంజనీరు స్వయంగా గోతిలోకి దిగి, నేల చూసి, "పునాది పాస్" అని రాసి సంతకం పెట్టాలి. ఆ తర్వాత పునాది ఎవరికీ కనిపించదు. అందుకే ఆ సంతకానికి అంత విలువ.

కోదాడకూ మిర్యాలగూడకూ మధ్య, ఎడమ కాలువ కింద, ఒక ఊళ్ళో బడికి నాలుగు గదులు కట్టే పని నాకు వచ్చింది. ఊరి పేరు రాయను. వాళ్ళు నాకు చేసింది మరిచిపోయి కాదు. ఇప్పుడు అక్కడ చదువుకునే పిల్లలకు దానితో సంబంధం లేదు.

ఆ భవనానికి డ్రాయింగు హైదరాబాదు నుంచి వచ్చింది. దాన్ని టైపు డిజైన్ అనేవాళ్ళం. రాష్ట్రమంతటా ఒకే నమూనా, ఒకే కొలతలు. పునాది లోతు నాలుగడుగులు. సూర్యాపేట వైపు గట్టి మొరం నేలలో నాలుగడుగులు చాలు. ఈ ఊరిది నల్లరేగడి. రేగడి నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని బీటలిస్తుంది. పైగా కాలువ కింద నేల కాబట్టి ఏడాదిలో కొన్ని నెలలు తడిగా, కొన్ని నెలలు ఎండిపోయి ఉంటుంది. దాని మీద కట్టిన గోడ ఏటా ఒకసారి లేచి ఒకసారి కూర్చుంటుంది.

కాంట్రాక్టరు నర్సయ్య సూర్యాపేటవాడు. చదువుకున్నది తక్కువ, కట్టినవి ఎక్కువ. 1988 జనవరిలో నన్ను గోతి దగ్గరికి పిలిచి, గడ్డపారతో అడుగున పొడిచి చూపించాడు.

"సార్, మీ కాగితమేమో నాలుగడుగులంటది, భూమేమో ఎనిమిదడుగులంటది. మొరం గాడ తగుల్తది. ఎవల మాట ఇనమంటరో జెప్పుండ్రి, గదే జేస్త. మల్ల నన్ను మాత్రం అనొద్దు."

నేను భూమి మాటే నిజమని అప్పుడే అన్నాను. లోతు పెంచాలంటే ఎస్ఈ అనుమతి కావాలి. ఈఈ ద్వారా ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. రెండోది రాశాను. మూడోది కూడా రాసి, కోదాడ నుంచి మిర్యాలగూడకు ట్రంక్ కాల్ చేశాను. ఈఈ అడిగింది ఒక్క ప్రశ్నే: హైదరాబాదులో డిజైన్ చేసినవాళ్ళు నీకంటే తక్కువ చదివారా? ఆ తర్వాత, మార్చి లోపల పని గోడల దాకా రాకపోతే మంజూరు రద్దవుతుందని, దానికి బాధ్యత నాదేనని చెప్పి ఫోను పెట్టేశాడు. నాకు ఆ డివిజన్ ఆఫీసులో "ఉత్తరాల సారు" అని పేరు పెట్టింది కూడా ఆయనే. అటెండర్లు సైతం ఆ పేరుతోనే పిలుచుకునేవారు. ఒకసారి నేను మెట్లెక్కుతుండగా విన్నాను.

మూడు ఉత్తరాలు రాశాను కదా అనుకున్నాను. నా బాధ్యత కాగితం మీద తీరిందనుకున్నాను. ఫిబ్రవరి మొదటి వారంలో నాలుగడుగుల గోతిలోకి దిగి "పునాది పాస్" అని రాసి సంతకం పెట్టాను. నర్సయ్య నా వంక చూసి, కాంక్రీటు కలపమని కూలీలకు చెయ్యి ఊపాడు.

గదులు అనుకున్నట్టే వర్షాకాలం నాటికి బడికి అప్పగించాం. నిజం చెప్పాలంటే నర్సయ్య పనిలో వంక పెట్టడానికి లేదు. సిమెంటు సరిగ్గా వేశాడు, గోడలు నిలువుగా కట్టాడు. మరుసటి ఏడాది మే నెలలో మూడో గది వెనక గోడ కిటికీ మూల నుంచి కిందికి ఏటవాలుగా పగిలింది. పగులులో నా చూపుడువేలు సగం దూరింది. ఆగస్టులో కాలువకు నీళ్ళు వదిలాక వెళ్ళి చూస్తే గోరు కూడా దూరలేదు. సున్నం గీత తప్ప ఏమీ కనిపించలేదు. అలాంటి పగులును చూసి భయపడాలి. అది ఆగిపోయిన పగులు కాదు, ఊపిరి పీల్చి వదులుతున్న పగులు. కానీ పైవాళ్ళకు చూపించాలంటే వాళ్ళు ఎండాకాలంలో రావాలి. ఎండాకాలంలో పెద్ద ఇంజనీర్లు మా వైపు రారు.

అందుకని ఆ డిసెంబరులో గాజు పట్టీలు పెట్టాను. ఇది పాత పద్ధతి. పగులుకు అడ్డంగా బెత్తెడు గాజు పలకను ప్లాస్టర్‌తో రెండు వైపులా గోడకు అంటిస్తాం. పక్కన గోడ మీద పెయింటుతో తేదీ వేస్తాం. గోడ ఏమాత్రం కదిలినా గాజు పగులుతుంది. గాజుకు ఎవరి మీదా పక్షపాతం ఉండదు. కిటికీ అద్దం కోయించి మూడు పట్టీలు నా చేతులతో నేనే అంటించాను. పట్టీలు అంటిస్తున్నంతసేపూ బడి ఊడ్చే సైదమ్మ పక్కన నిలబడి చూసింది. నలభై ఏళ్ళుంటాయి.

"గోడకు కట్టు గడుతున్నవా సారూ?" అని అడిగింది.

కట్టు కాదు, సాక్ష్యం అని చెప్పాను. ఊడ్చేటప్పుడు చీపురు తగలనీయవద్దన్నాను.

"నీ సాక్ష్యం జోలికి నేనెందుకు వోత? నాకు నేల జాలు" అంది.

1990 ఏప్రిల్‌లో మూడూ పగిలాయి. గది వెంటనే మూయించాలని హెడ్మాస్టరుకు రాసి తాళం వేయించాను. తాళంచెవి ఆయన దగ్గరే ఉంచాను. తనిఖీకి రమ్మని ఎస్ఈకి రాశాను. జులైలో మళ్ళీ వెళ్ళి చూశాను. పగిలిన ముక్కలు ప్లాస్టర్ పట్టుకుని అలాగే ఉన్నాయి. గది కూలగొట్టి, రేగడి కింది మొరం దాకా పునాది దించి మళ్ళీ కట్టాలన్నది నా నివేదిక. ఆ గదిలో అరవై మంది ఆడపిల్లలు కూర్చునేవారు.

ఎస్ఈ సెప్టెంబరులో వచ్చాడు. కాలువ నిండుగా పారుతోంది, బడి వెనక వరి నీళ్ళలో నిలబడి ఉంది. వచ్చేటప్పుడు జీపు ముందు సీట్లో ఎస్ఈ, వెనక ఈఈ, ఆ వెనక టిఫిన్ క్యారియర్ పక్కన నేను. గది తాళం తీశారు. పగులు మూసుకుపోయి ఉంది. మూడు గాజు పట్టీలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. పక్కన నేను వేసిన డిసెంబరు తేదీ ఎర్రగా మెరుస్తోంది.

ఎస్ఈ కాసేపు చూసి నా వైపు తిరిగాడు. "ఏమయ్యా, గోడ నోరు తెరిచిందని రాశావు. మూసుకునే ఉంది కదా. తెరుచుకున్నది నీ నోరే" అన్నాడు. ఈఈ గట్టిగా నవ్వాడు. తలుపు దగ్గర సర్పంచి, హెడ్మాస్టరు, ఇంకొందరు నిలబడి ఉన్నారు. వాళ్ళు నవ్వలేదు. అది నేను అప్పుడే గమనించాల్సింది.

నేను దగ్గరికి వెళ్ళి చూశాను. నావి కిటికీ అద్దం ముక్కలు. మందంగా ఉంటాయి, అంచు పచ్చగా కనిపిస్తుంది. ఇవి పల్చటి గాజు. ఒకదాని మూల ప్లాస్టర్ కింద కుంకుమ మరక ఉంది. పట్టీలు మార్చారని అక్కడే చెప్పాను. ఎస్ఈ హెడ్మాస్టరును అడిగాడు. తనకేమీ తెలియదని హెడ్మాస్టరు నేల చూస్తూ చెప్పాడు. నేను సైదమ్మను పిలిచి, పగిలిన ముక్కలు చూశావా లేదా అని అడిగాను.

"నాకేం ఎరుక సారూ? ఊడ్సేది ఊడుస్త, పోత" అంది. ఆమె కూడా నా మొహం చూడలేదు.

టీ కోసం హెడ్మాస్టరు గదిలో కూర్చోబెట్టారు. గోడ మీద సరస్వతి పటం ఉంది. చట్రం ఉంది, బొమ్మ ఉంది, అద్దం లేదు. ఫ్యాన్ గాలికి బొమ్మ కాగితం అంచు లేస్తోంది. నేను లేచి నిలబడి దాన్ని అందరికీ చూపించాను. ఎస్ఈ టీ ఊదుకుంటూ, "ఇప్పుడు పటాలకు కూడా పునాది లోతు చాల్లేదంటావా?" అన్నాడు.

జాయింట్ ఇన్‌స్పెక్షన్ రిపోర్టు అక్కడే రాయించారు. "పట్టీలు మూడూ చెక్కుచెదరలేదు. పగులు పాతది, కదలిక లేదు. గది వాడుకోవచ్చు." నేను సంతకం పెట్టనన్నాను. కంటికి కనిపించేది రాశామని, కనిపించేది అబద్ధమైతే నీ అనుమానాలు విడిగా ఉత్తరంలో రాసుకోమని ఎస్ఈ అన్నాడు. ఉత్తరం అన్నప్పుడు ఈఈ మళ్ళీ నవ్వాడు. పది నిమిషాలు వాదించాను. తర్వాత సంతకం పెట్టాను. ఆ రాత్రే కోదాడలో విడిగా నాలుగు పేజీల ఉత్తరం రాశాను.

జీపు ఎక్కబోతుంటే సర్పంచి నన్ను పక్కకు పిలిచాడు. పట్టీలు మార్చామని ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు.

"సారూ, ఈ బడిని హైస్కూల్ జేస్తమన్నరు. గదులు నాలుగు మంచిగుండాలె, లేకుంటే వాగవతలూరికి ఇస్తమన్నరు. మా పిల్లలు వాగు దాటి పోతరా? మొగపిల్లలు పోతరు. ఆడపిల్లలు ఏడుతోనే ఖతం. మీరేమో గది పనికిరాదని రాస్తుండ్రి. గోడ పడితే మల్ల కట్టుకుంటం. బడి పోతే మల్ల రాదు. జర సమజ్ జేస్కోండ్రి."

గోడ పడేటప్పుడు కింద ఎవరుంటారని అడిగాను. ఆయన జీపు తలుపు తీసి పట్టుకున్నాడు. వాళ్ళ మంచి కోరి నేను చేసిన పనిని వాళ్ళు నా మీదే తిప్పారని దారంతా అనుకుంటూ వచ్చాను. ఆ కోపం ఇప్పటికీ నాకు తగ్గలేదు. కానీ ఆయన చెప్పినదానిలో తప్పు ఎక్కడుందో కూడా ఇప్పటికీ వేలు పెట్టి చూపలేను. మాట ప్రకారం ఆ ఊరికి హైస్కూలు వచ్చింది. మూడో గది తాళం తీశారు.

1991 జూన్‌లో, వేసవి సెలవుల తర్వాత బడి తెరిచే ముందు రోజు, సైదమ్మ గదులు ఊడవడానికి వెళ్ళింది. ఆ ఏడు ఎండలు ఎక్కువ, వాన ఇంకా పడలేదు. మూడో గది వెనక గోడ కిటికీ దగ్గర నుంచి లోపలికి కూలింది. ఒక్కరోజు ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో నేను రాయనక్కర్లేదు. ఆమెను సూర్యాపేట దవాఖానకు తెచ్చారు. ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు.

నాలుగో రోజు నేను దవాఖానకు వెళ్ళాను. అప్పటికే విచారణ వేశారు. నా మూడు ఉత్తరాల ఫైలు మిర్యాలగూడలో దొరకడం లేదని కబురు వచ్చింది. నేను పళ్ళు తీసుకెళ్ళలేదు. తెల్లకాగితాలు, ఇంకు ప్యాడు తీసుకెళ్ళాను.

ఆమె నన్ను చూసి ముందు తనే మాట్లాడింది. "నీ అద్దం ముక్కలు నేనే ఊడ్సిన సారూ. గోడ కాణ్ణుంచి హెడ్మాస్టర్ సారే గీకిండు, నేను చేటల కెత్తి రేగట్ల పారబోసిన. బడి పోతదన్నరు. నా బిడ్డ గూడ గాడనే సదువుతది."

అదే మాట కాగితం మీద రాస్తాను, వేలిముద్ర వెయ్యమన్నాను. నిజం రికార్డులో ఉంటుందన్నాను.

"ఏలేస్తే కాలొస్తదా సారూ?" అంది. నేను ప్యాడు మూత తీసే పట్టుకుని ఉన్నాను. ఆమె దుప్పటి సర్దుకుంటూ, కోపం లేకుండానే, "మస్తు రాసినవ్ గద. గోడ ఆగిందా?" అంది.

నేను ఏమీ రాయించుకోకుండా వచ్చేశాను.

విచారణలో నా సంతకాలు రెండు దొరికాయి, పునాది పాస్ చేసినది ఒకటి, గది వాడుకోవచ్చన్నది ఒకటి. ఆ నాలుగు పేజీలతో సహా నా దగ్గరున్న ఉత్తరాల నకళ్ళ మీద డివిజన్ ఆఫీసు ముద్ర లేదు కాబట్టి వాటిని లెక్కలోకి తీసుకోలేదు. అభియోగ పత్రంలో నా ఇంటిపేరు కూడా తప్పు రాశారు. సరిదిద్దమని కోరితే, గుర్తుపట్టడానికి అంత చాలునని జవాబిచ్చారు. నా ప్రమోషన్ ఆరేళ్ళు ఆగింది. నా కింద పనిచేసిన ఇద్దరు నాకు ఈఈలయ్యారు, వాళ్ళు గదిలోకి వస్తే నేను లేచి నిలబడ్డాను. ఎస్ఈ గౌరవంగా రిటైరయ్యాడు. గాజు మార్చినవాళ్ళ పేర్లు ఏ కాగితంలోనూ లేవు.

ఈ వృత్తి గురించి అడిగేవాళ్ళకు నేను ఈ ఒక్క గది సంగతే చెబుతాను. పునాది గోతి దగ్గర ఇంజనీరుకు ఉన్న అధికారం ఒక్కటే, సంతకం పెట్టకపోవడం. పెట్టిన తర్వాత రాసే ఉత్తరాలు గోడకు చేరవు. నావి నూటికి నూరుపాళ్ళు సరైన ఉత్తరాలు. వాటిని నా కోసం రాసుకున్నాను. ఇది తెలిశాక మిగిలిన సర్వీసులో రెండు పునాదులకు నేను సంతకం పెట్టలేదు. రెండుసార్లూ నన్ను బదిలీ చేసి, నా తర్వాత వచ్చినవాడితో పెట్టించారు.