శేషారత్నమ్మ తడికొంగు

శేషారత్నమ్మ చెయ్యి ఊరికే ఉండేది కాదు. దేశంకాని దేశం, డునెడిన్‌లో కొడుకింటికి వచ్చి ఇన్నేళ్ళయినా కొత్త వాషింగ్ మెషీన్ వస్తే బొట్టు, కారు మారిస్తే బొట్టు, చివరికి మనవరాలి లాప్‌టాప్‌కీ బొట్టే. "నానమ్మా, ప్లీజ్!" అని అక్షయ మొత్తుకున్నా వింటేగా! బొడ్లో దోపుకున్న కుంకుమ భరిణె ఏ ఊరెళ్ళినా ఆవిడ వెంట ఉండాల్సిందే.

అలాంటి మనిషి ఒక్కగానొక్క కొడుక్కి క్యాన్సర్ వచ్చింది. డాక్టర్లు చేతులెత్తేశారు. ఉదయభాస్కర్ అడిగింది ఒక్కటే. "పూర్వం ఈ దేశపు మూలవాసులు మావోరీలు తలదాచుకున్న కొండగూళ్ళు చూడాలమ్మా. అక్కడ బొగ్గుతో గీసిన మనిషి బొమ్మ ఉందట. ఏటికేడు వాయిదా వేస్తూ వచ్చాను."

కోడలు నిరుపమతో హాస్పిటల్లో పనిచేసే మెరే మావోరీ మనిషి. వాళ్ళ పెద్దలే ఆ కొండని చూసుకుంటారు. వీళ్ళని నమ్మి మెరేనే వెంటబెట్టుకుని వెళ్ళింది.

సాయంత్రానికి కొండ కింద టెంట్ వేశారు. ఉదయ్‌కి ఓపిక చాలలేదు. "నేను పొద్దున్నే ఎక్కుతాలే, మీరు చూసి రండి," అని పడుకున్నాడు. మిగతావాళ్ళు ఎక్కారు. చూరులా ముందుకొచ్చిన సున్నపురాయి కింద, చేతులు రెండూ చాచి నిలబడ్డ నల్లటి మనిషి. శేషారత్నమ్మకి ఒళ్ళు జలదరించింది. ఇంకెవరు, అమ్మవారే!

"ముట్టుకోకూడదట అత్తయ్యా," అంది నిరుపమ.

అవును మరి, మైలబట్టలతో ఎలా ముట్టుకుంటాం అనుకుందావిడ. ఎంత పిచ్చిది!

తెల్లవారగానే అందరికంటే ముందు లేచి, ఆ చలిలో కుళాయి కింద తలస్నానం చేసి, తడిచీరతోనే కొండెక్కింది. నూనెలో పసుపు కలిపి బొమ్మ పాదాలకి రాసింది. మొహాన ఇంత బొట్టు పెట్టింది. "తల్లీ, నా బిడ్డని నాకు వదిలెయ్. కావాలంటే నన్ను తీసుకుపో," అని భోరుమంది.

వెనక నుంచి మెరే కేక పెట్టింది. శేషారత్నమ్మ వెనక్కి తిరిగింది. ఏదో ఘోరం చేశానని ఆ మొహం చూస్తేనే తెలిసింది. తుడిచేస్తే సరిపోతుందనుకుంది. మెరే "నో! నో!" అంటూ పరిగెత్తుకొచ్చేలోపే తడికొంగుతో గబగబా తుడిచేసింది. పసుపుతోపాటు బొగ్గూ వచ్చేసింది. మొహం పోయింది, కాళ్ళు పోయాయి, చాచిన చేతులు అలుక్కుపోయాయి.

మెరే నేలమీద చతికిలబడి, వాళ్ళ భాషలో ఎవరికో చెప్పుకుంటూ ఏడ్చింది. అయ్యో, తిట్టినా బాగుండేది.

అప్పుడే నిరుపమ భుజం పట్టుకుని, ఆగి ఆగి ఊపిరి తీసుకుంటూ ఉదయ్ పైకొచ్చాడు.

"ఏదమ్మా బొమ్మ?"

అతను రాతిమీద మరకని చూశాడు, మెరేని చూశాడు. తల్లి చేతిలో కొంగు అందుకుని, మడత విప్పి, దానికంటిన నలుపుకేసి చాలాసేపు చూశాడు.

"చలికి వణికిపోతున్నావమ్మా. కిందికి పద," అన్నాడు.

ఆ చలికాలంలోనే ఉదయ్ పోయాడు. మడి మడి అంటూ రోజంతా ఉతుక్కునే మనిషి, ఆ చీరని మాత్రం ఇప్పటికీ ఉతకనివ్వదు. ఇంట్లో దేనికీ బొట్టు పెట్టదు.