అక్క మెడకు రెండు ఎక్స్‌రేలు

పొద్దుగాల వికారాబాద్‌ల రైలెక్కుత, తాండూర్‌ల దిగుత, ఇగ దినమంతా మిషిన్ పక్కన నిలబడి "ఊపిరి పట్టు, కదలకు" అంటుంట. ఎక్స్‌రేలు తీసుడు నా పని. ఏండ్లకేండ్లు గదే మాట. చెప్పీ చెప్పీ నాకే యాష్టకొస్తది.

మా అక్క తాండూర్‌లనే ఉంటది. బండల పాలిష్ కాడ రాతిముక్కల గంపలు నెత్తిన మోసేది. కీళ్లవాతం మొదట్నుంచే ఉంది. నిరుడు ఎండకాలం తల వెనక నొప్పి, వేళ్లు తిమ్మిర్లు అని వస్తే డాక్టర్ మెడకు ఎక్స్‌రే రాసిండు, నేనే తీసిన. కొప్పు సర్దుకుంది, కొంగు సవరించుకుంది, గదువ లోపలికి పెట్టి బిర్రుగ కూసుంది. మా దిక్కు అందరు గంతే, ఆధార్ కార్డు ఫోటో దిగినట్టే కూసుంటరు. ఫిల్మ్‌ల ఎముకలన్నీ వరుసగ ఉన్నయి. డాక్టర్ గూడ సరే అన్నడు. "ఏం ఫికర్ లేదక్కా, పనికి పో" అన్న. పోయింది. నెలరోజులు మోసింది.

నొప్పి తగ్గకపోయె. ఎవరో చెప్తే ఎముకలు సర్దే ఒక ముసలి చాచా దగ్గరికి పోయింది. సంగతి తెలిసి నాకు ఒళ్లు మండింది. మెడ పటుక్కున తిప్పి పాణం మీదికి తెస్తడేమోనని పని ఇడిసి ఉరికిన. పోంగనే "మిషిన్‌కు కానరానిది నీ వేళ్లకు ఏం తెలుస్తది చాచా?" అని అనేసిన.

ఆయన నా దిక్కు చూడనన్న చూడలే. చెవుల కింద రెండు బొటనవేళ్లు ఆనిచ్చి, అక్కను మెల్లగ కిందికి చూడమన్నడు. జరంత వంగిందో లేదో ఆపేసి, చేతులు తీసుకున్నడు.

"నేను ముట్ట బేటా. వంగితే పై ఎముక జారుతున్నది. ఎంత జారుతదో నా వేళ్లకు తెల్వది, అబద్ధమెందుకు. తల వంచినప్పుడు నీ మిషిన్‌తోని చూడు."

డాక్టర్‌కు చెప్పి మళ్ల తీసిన. ఈసారి అక్క తనంతట తను తల వంచింది. మెడల మొదటి ఎముకకు, రెండో ఎముకకు నడుమ సందు తెరుచుకొని కనబడ్డది. బిర్రుగ కూసున్నప్పుడు మూసుకునే సందు అది. ఫిల్మ్ పట్టుకొని డాక్టర్ కాడికి ఉరికిన. డాక్టర్ అప్పటికప్పుడే మెడకు పట్టీ పెట్టిచ్చి, పట్నంల పెద్ద దవాఖానకు రాసిండు. కీళ్లవాతంతోని ఎముకల పట్టు సడలిందట, ఇంకొన్ని దినాలు గంప మోస్తే కాళ్లుచేతులు పడిపోయేటియట.

ఆటోల "తప్పు నాదే అక్కా" అన్న. పట్టీతోని తల తిరగక, ఒళ్లంతా నా దిక్కు తిప్పింది.

"నువ్వే కదరా కదలకన్నవు. నొప్పికి పాణం పోతున్నా బిగబట్టుకొని కూసున్న, నీ ఫోటో ఖరాబైతదని."