అర్జీలక్క కొన్న లాప్‌టాప్

“పోనీ, నేనే ఏదో నొక్కాననుకో. నేను నొక్కితే ఇంకో కంపెనీ పేరెలా వస్తుందయ్యా తెరమీద?”

“అమ్మా, పాత సామాను గడప దాటాక మాకు సంబంధం లేదు. గోడ మీద రాసే ఉంది.”

“రాసింది చదివాను. రాయనిదాని గురించి అడుగుతున్నా.”

ముందు గదిలో గొడవపడుతున్నది మా ఓనరూ, వారం కిందట మా దగ్గర లాప్‌టాప్ కొన్న అర్జీలక్కా. వెనక గదిలో స్క్రూడ్రైవరు పట్టుకుని తేలు కుట్టిన దొంగలా కూర్చున్నది నేను. బయటికి రాలేదు. దగ్గు వచ్చినా ఆపుకున్నాను.

పెద్ద కంపెనీలు వాడేసిన లాప్‌టాప్‌లను గుత్తగా అమ్మేస్తాయి. అమ్మేముందు వాటిని తమ జాబితాలోంచి తీసెయ్యాలి. ఒక్కోసారి మరిచిపోతారు. అలా మరిచిపోయినది నెట్టు తగిలిన కాసేపటికి పాత యజమానికి కబురు పంపి, తనకు తానే తాళం వేసుకుంటుంది. లోపల ఉన్నదంతా చెరిపేసినా ఆ తాళం పోదు. అందుకని నేనో చిట్కా కనిపెట్టాను. కొట్లో నెట్టు కలపకుండానే అన్నీ సిద్ధం చేసి చూపించడం. తాళం పడితే కొన్నవాళ్ల దగ్గర పడుతుంది, మన దగ్గర కాదు. అర్జీలక్కకు చూపించిందీ అలాగే. కాలేజీ మధ్యలో మానేసినవాడికి ఇంత బుర్ర ఉందని మా ఓనరు మెచ్చుకుంటే, సిగ్గులేకుండా పొంగిపోయాను కూడా.

అర్జీలక్క అసలు పేరు నాకు తెలియదు. అడిగినవాళ్లూ లేరు. ఊళ్లోని పెద్ద ఆఫీసు మెట్ల కింద బల్ల వేసుకుని ఇరవై రెండేళ్లుగా టైపు మిషను మీద జనానికి అర్జీలు కొట్టిపెడుతోంది. ఆగిపోయిన పింఛన్లు, తప్పుపడిన పుట్టిన తేదీలు, పక్కింటివాడు పూడ్చేసిన కాలవలు, అన్నీ ఆవిడ వేళ్ల మీదుగానే పై అంతస్తుకు వెళ్లాయి. వచ్చే నెల నుంచి ఆఫీసువాళ్లు కాగితం ముట్టుకోరట. అంతా నెట్టులోనే పంపాలి. లాప్‌టాప్ లేకపోతే అక్క ఆ చోటు వదులుకోవాలి. దాని కోసం ఇద్దరు కాచుకుని కూర్చున్నారు.

మర్నాడు ఓనరు నన్ను పంపాడు. నాలుగు మంచిమాటలు చెప్పి చల్లార్చి రమ్మన్నాడు.

నేను వెళ్లేసరికి ఆవిడ పాత మిషను మీదే కొడుతోంది. ఎదుట ఒకాయన తన ఇంటి నీళ్ల పైపు కథ చెబుతూ బావమరిది సంగతుల్లోకి వెళ్లిపోయాడు. “మీ బావమరిది గుణగణాలు ఆఫీసరుకెందుకండీ? పైపు ఎప్పుడు పగిలిందో చెప్పండి,” అంది తలెత్తకుండా. ఆయన వెళ్లాక నాకు స్టూలు చూపించింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది.

లాప్‌టాప్‌కి మొదటిసారి నెట్టు కలిపిన రోజు వరసలో ఏడుగురున్నారు. ఒక తాత పింఛను అర్జీ సగంలో ఉండగా తెర నల్లబడి, ఇది ఫలానా కంపెనీ ఆస్తి, వెంటనే అప్పగించండి అని వచ్చింది. వెనకనున్నవాడు దాన్ని పైకి చదివి, దొంగ సరుకా అక్కా అని నవ్వాడు. ఆవిడ గబుక్కున చేతిసంచి కప్పింది. ఆ తాత పదేళ్లుగా ఆవిడ దగ్గరికే వస్తాడు. బల్లమీదున్న తన కాగితాలు మెల్లగా తనవైపు లాక్కున్నాడు.

“నవ్వినవాడిది లెక్క కాదు తమ్ముడూ. ఆ కాగితాలు లాక్కోవడమే తల కొట్టేసినట్టయింది,” అంది.

నేను స్టూలు కాస్త వెనక్కి జరుపుకున్నాను.

“నేను కొన్న రోజు కొట్లో నెట్టు ఎందుకు కలపలేదు నువ్వు?”

“మా కొట్లో సిగ్నలు సరిగా రాదక్కా.”

“కూర్చున్నంతసేపూ మీ ఓనరు ఫోనులో వీడియోలు చూస్తూనే ఉన్నాడే.”

ఆవిడ రెట్టించలేదు. నా మొహంలో చదువుకోవాల్సింది చదువుకున్నట్టే ఉంది. నేను మాత్రం ఆవిడ మొహం చూడలేక మిషను మీటల్ని చూస్తున్నాను. ఎక్కువగా వాడినవాటి మీద అక్షరాలు అరిగిపోయి ఉన్నాయి.

ఆవిడ లాప్‌టాప్‌ను గుడ్డలో చుట్టి సంచిలో పెట్టింది. ఆ కంపెనీ ఆఫీసు ఊరి అవతలి వైపే ఉందని కనుక్కుందట. రేపు పదింటికి వెళుతుందట. జాబితాలోంచి తీస్తే తీస్తారు, లేదంటే వాళ్ల దగ్గరే వదిలేసి వస్తానంది.

“నేనొక్కదాన్నే వెళితే, దొంగసొత్తు పట్టుబడ్డాక తెచ్చిచ్చినట్టుంటుంది. నువ్వూ రా తమ్ముడూ. కావాలనే నెట్టు కలపలేదని నీ నోటితో చెప్పు. ఆ తాతని కూడా రమ్మన్నాను. ఆయన వింటుండగా చెప్పు.”