వాలిన పావురం

నాచారంలో మా డాబా మీది పందెం పావురాలను సాకేది నేనే. పందేల రోజుల్లో, రోగం అంటుకుంటుందని బయటి పావురాన్ని మా గూట్లోకి రానివ్వను. కానీ దారి తప్పిన పావురం ఎవరి డాబా మీద వాలితే వాళ్లదేనని ఇక్కడి ఆనవాయితీ. పందేనికి మూడు రోజుల ముందు ఉప్పల్ వాళ్ల పావురం వాలింది. మా తమ్ముడు దాన్ని పట్టి నేరుగా గూట్లో వదిలాడు.

"దాని ముక్కు కారుతున్నది, కండ్లు కనిపిస్తలేవా?" అన్నాను.

"పట్టిన పావురాన్ని వేరే గూట్ల పెడ్తరా అక్కా? భయపడ్డమని నలుగురు నవ్వరా!"

పందెం నాటి పొద్దున, సాయంత్రం దాకా ఎగరగల మా నల్లది నోరు తెరిచి రొప్పుతోంది. పందెం మానుకున్నాను. తమ్ముడు మందు సీసా పట్టుకొచ్చాడు.

"ఆ నలుగుర్ని పిలువు. దీనికి మందు తాగిపిస్తరు," అన్నాను.