రంగులు కట్టేసిన కిటికీ

మా మేనత్త రెబెక్క ఏళ్ల తరబడి ఎల్బీనగర్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో ఆయాగా చేసింది. చీకటితోనే ఇల్లు వదిలేది, చీకటి పడ్డాకే తిరిగొచ్చేది. సరూర్‌నగర్‌లో వాళ్లకున్నది ఒకే గది, దానికి చెక్క రెక్కల కిటికీ ఒక్కటే. అది తెరిచి ఉందో మూసి ఉందో చూసే తీరిక అత్తకు ఎన్నడూ దొరకలేదు.

చూడాల్సిన మనిషి మా మామ కొమరయ్య. ఆయన పెయింటర్. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా మామ రచ్చ గెలిచి ఇల్లు మరిచాడు. పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్ కూలీల అడ్డా మీద నిలబడి అందరి ఇళ్లూ మెరిపించేవాడు. సొంతింటిని ఏడాదికోసారి, చర్చివాళ్లు క్రిస్మస్ పాటలు పాడుతూ వచ్చే రోజున మాత్రమే ముట్టుకునేవాడు. పనుల్లో మిగిలిన డబ్బాలు తెచ్చి, మూసిన కిటికీని మూసినట్టే పూసేసేవాడు. తెరిచి వేయమంటే "పండుగైనంక తీద్దాం తియ్" అనేవాడు. పండుగ అయ్యాక ఎవరికి గుర్తుంటుంది? పూత మీద పూత పడి రెక్కలూ చట్రమూ ఒకే పలకగా అతుక్కుపోయాయి.

పోయిన వానాకాలం అత్త జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మంచం పట్టాక గానీ ఆ కిటికీ ఆమె కంటపడలేదు. గదిలో పగలైనా రాత్రైనా ట్యూబ్‌లైటే. నేను ఎప్పుడు వెళ్లినా ఒకటే ప్రశ్న.

"తెల్లారిందా, జోస్నా?"

మిట్టమధ్యాహ్నం వెళ్లినా అదే మాట.

డిసెంబర్‌లో మామ మళ్లీ డబ్బా తెచ్చాడు.

"ముందుగాల కిటికీ తెరువు. ఎన్కనే రంగు," అంది అత్త.

"పండుగైనంక..."

"గీ అర్ర ఇప్పటికే పెట్టెలెక్క ఉంది. మూతకు రంగేసుడే తక్కువ. అది గూడ ఏస్తవా?"

సమాధిలోకి దించే పెట్టె గురించే అంటోందని మాకు అర్థమైంది. మామ డబ్బా కింద పెట్టి బ్లేడు తీసుకున్నాడు.

రెక్కకూ చట్రానికీ మధ్య సందు వెంబడి కోసుకుంటూ పోయాడు. ఏదో స్కూలు పచ్చ, ఎవరి పూజగదిదో పసుపు, ఒక బేకరీ గులాబీ, అన్నీ పెచ్చులుగా అత్త దుప్పటి మీద రాలాయి. నేను అరచేత్తో చెక్కను తడుతూ కూర్చున్నాను. మధ్యాహ్నానికి రెక్క కిర్రుమంది. ముగ్గురం నవ్వాం. మామ గట్టిగా తోశాడు. జానెడు తెరుచుకుని దేనికో కొట్టుకుని ఆగింది.

ఎదురుగా ఇటుక గోడ. పక్కింటి సుమిత్రమ్మ వాళ్లు మేడ కడుతున్న చప్పుడు మేమూ విన్నాం. గోడ మా కిటికీ మీదికే వచ్చిందని మాత్రం తెలియదు. కోపంతో వెళ్లి నిలదీశాను.

"మీ కిటికీ ఎన్నడన్న తెరవంగ చూసినమా, బిడ్డా?" అంది ఆమె నెమ్మదిగా. "ఉత్తదే అనుకొని మెట్లకు గోడ లేపినం. ఒక్కపారి తెరిచున్నా జర ఎడం ఇడుస్తుంటిమి."

ఆమెను తిట్టడానికి నోరు రాలేదు. మామను తిట్టాలని తిరిగొచ్చాను. ఆయన ముఖం చూశాక అదీ చేతకాలేదు.

మామ రెక్క మూయబోయాడు.

"ముయ్యకు," అంది అత్త. "రెక్కలు ఊడబీకు. అందరిండ్లకు రంగులేస్తివి గద. గా గోడకు గూడ ఇంత తెల్లది ఎయ్యి."

ఆయన రెక్కలు ఊడదీసి, కిటికీ ఊచల మధ్య నుంచి చెయ్యి చాచి, అందినంత మేర ఇటుకల మీద తెల్లరంగు పూశాడు. ఏడుస్తూనే పూశాడు. ఆ సాయంత్రం చర్చివాళ్లు వచ్చి పాడి వెళ్లారు. ఇంటి లోపలి గోడలు నిరుటి రంగుతోనే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. అత్త కిటికీ వైపు తిరిగి పడుకుని ఉంది. గాలి రావడం లేదు, ఆకాశం కనిపించడం లేదు. ఆ తెల్లటి మచ్చ మీదికి మాత్రం పై నుంచి కాస్త వెలుతురు దిగుతోంది. అత్త దాన్నే చూస్తోంది. ఈసారి నన్నేమీ అడగలేదు.

"ట్యూబ్‌లైట్ బంద్ చెయ్యి, జోస్నా," అంది. "తెల్లారింది."